ఏ జాతి అని అడిగితే



చాలా రోజుల తరువాత మళ్ళీ ఒక టపా వ్రాస్తున్నాను. ఇది సాహిత్య చర్చ కాదు. తెలుగు పండితురాలిగా ముప్పై ఏళ్ళు పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పి విరమించుకున్నదానిని. వైద్యం గురించి వ్రాయడానికి నాకేమి అర్హత ఉందని మీరు అడగవచ్చు. అర్హత లేదు. ఒక అబద్ధం ఆడి, దానిని దిద్దుకున్న అనుభవం మాత్రం ఉంది. అది నలుగురికీ పనికి వస్తుందన్న ఆశతో వ్రాస్తున్నాను.

మా ఇల్లు తార్నాకలో. ఉదయం అయిదున్నరకు బయలుదేరి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాల దాకా నడిచి రావడం ఎన్నో ఏళ్ళ అలవాటు. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి భవనం ముందు మెట్లమీద పది నిమిషాలు కూర్చుంటే, ఆ రోజుకు కావలసిన ప్రశాంతత దొరుకుతుంది. 2022 నవంబరులో ఒక ఉదయం అక్కడే కూర్చుని ఉండగా లండను నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది. అప్పటికి దానికి పన్నెండో వారం.

"నిద్ర పట్టలేదమ్మా. నిన్న ఆసుపత్రిలో స్కానింగుకు ముందు ఒక పత్రం నింపమన్నారు. అందులో నా జాతి ఏమిటని అడిగారు" అన్నది.

"ఏం వ్రాశావు?"

"వ్రాసేదేముంది? గళ్ళు ఉన్నాయి. తెల్ల, నల్ల, దక్షిణాసియా, తూర్పు ఆసియా, మిశ్రమ. దక్షిణాసియా గడిలో టిక్కు పెట్టాను. బిడ్డను చూడడానికి వెళితే జాతితో వాళ్ళకు పనేమిటమ్మా?"

నాకూ మనస్సు చివుక్కుమన్నది. మన దేశంలో ఆ ప్రశ్న ఎవరు, ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. అద్దె ఇంటికోసం తిరిగిన ప్రతివాడికీ తెలుసు. దేశం దాటి వెళ్ళినా ఈ ప్రశ్న వదలలేదా అనిపించింది.

అంతలోనే అది ఇంకో మాట అన్నది. "ఇంకో ప్రశ్న కూడా ఉంది. మీ అమ్మగారికి గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు వ్యాధి వచ్చిందా అని. నన్ను కన్నప్పుడు నీకు బీపీ ఏమైనా వచ్చిందా అమ్మా?"

"లేదమ్మా. అలాంటిదేమీ లేదు" అన్నాను.

ఆ మాట నా నోట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గువేస్తుంది. ఎందుకంటే అది పచ్చి అబద్ధం.

* * *

మా స్వగ్రామం నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. 1979లో మా పెద్దక్క తొలిచూలుతో పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయి. తరువాత ముఖం ఉబ్బింది. వ్రేలి ఉంగరం రాకపోతే సబ్బు రాసి తీశారు. 'నీరు దిగింది, కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే' అన్నారు చూసిన ముత్తయిదువలందరూ. ఒక సాయంత్రం అక్క తల పగిలిపోతున్నదని, కళ్ళముందు మెరుపులు మెరుస్తున్నాయని అన్నది. అమ్మ దిష్టి తీసింది. ఆ రాత్రి అక్కకు ఫిట్స్ వచ్చాయి. ఎడ్లబండిలో రోడ్డుదాకా తీసుకువెళ్ళేసరికి తెల్లవారింది. పట్నం చేరేసరికి అక్కా లేదు, కడుపులో బిడ్డా లేదు.

ఊళ్ళో దానికి ఒక పేరుంది. గుర్రపువాతం. పన్నెండో రోజు దాటగానే అమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: "ఈ మాట నీ నోట ఎన్నడూ రాకూడదు. ఆ ఇంటి ఆడపిల్లలకు గుర్రపువాతం ఉందని తెలిస్తే నీకోసం మన గడప తొక్కేవాడు ఉండడు." అప్పటికి నాకు పదిహేడేళ్ళు. అడిగినవాళ్ళకు అక్క జ్వరంతో పోయిందని చెప్పాము. చెప్పగా చెప్పగా మాకే అది నిజమనిపించేది.

1991లో నాకూ ఎనిమిదో నెలలో కాళ్ళు వాచాయి. అప్పటికి మేము హైదరాబాదులో ఉన్నాము కనుక, పరీక్షకు వెళుతూ ఉన్నాను కనుక బ్రతికిపోయాను. డాక్టరమ్మ బీపీ చూసి, మూత్రం పరీక్ష చేయించి, ఇంటికి పంపకుండా అక్కడే చేర్చుకున్నది. పది రోజుల తరువాత, ఇక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని చెప్పి కాన్పు చేసింది. పాప బరువు 1.9 కిలోలు. ఇంటికి వచ్చాక అత్తగారి బంధువులు 'నెల తక్కువ ఎందుకు పుట్టింది' అని అడిగితే, 'దానికే తొందర, పరుగెత్తుకుంటూ వచ్చింది' అని నవ్వుతూ చెప్పాము. ఆ నవ్వులాట దాని బాల్యమంతా సాగింది. అన్నానికి ముందు కూర్చుంటే 'పుట్టడానికే ఆగలేదు, అన్నానికి ఆగుతుందా' అనేవాళ్ళం.

లండను నుంచి అది అడిగిన ప్రశ్నకు నేను ఆడిన అబద్ధం వెనుక ఇంత కథ ఉంది. ఫోను పెట్టేశాక ఆ మెట్లమీద నుంచి లేవలేకపోయాను.

* * *

ఇంటికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, అసలు ఆ పత్రం ఎందుకు నింపిస్తారో తెలుసుకోవడానికి ప్రయత్నించాను. నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

గర్భం ఇరవై వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉండి, మూత్రంలో మాంసకృత్తులు పోవడమో, కాలేయం, మూత్రపిండాలు మొదలైన అవయవాలు దెబ్బతినడమో జరిగితే దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి మూర్ఛలు వస్తే ఎక్లాంప్సియా. ఆ పేరు గ్రీకు భాషలోనిది; తళుక్కుమని మెరవడం అని అర్థం. అది చదివినప్పుడు అక్క చెప్పిన మెరుపులు గుర్తుకు వచ్చి చాలాసేపు మరో అక్షరం చదవలేకపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం ఆసియాలో ప్రసూతి మరణాలలో దాదాపు పదింట ఒక వంతు గర్భిణుల రక్తపోటు వ్యాధులతో ముడిపడినవే.

ఈ వ్యాధికి మూలం మాయలో ఉంది. నేను వేదాంతం చెప్పడం లేదు. కడుపులో బిడ్డను తల్లితో కలిపే మాయ. గర్భం తొలి నెలల్లో మాయ వేళ్ళూనుకునే సమయంలో గర్భాశయంలోని మెలికల ధమనులు వెడల్పు కావాలి. కాకపోతే మాయకు చాలినంత రక్తం అందదు. అప్పుడు అది కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. వాటిలో ముఖ్యమైనదాని పాత్రను 2003లో బోస్టనులో అనంత్ కరుమంచి బృందం బయటపెట్టింది. ఆ ఇంటిపేరు వినగానే మన తెలుగు చెవికి చుట్టరికం తోస్తుంది.

లండనులో ప్రొఫెసర్ నికొలాయిడిస్, ఆయన సహచరులు కలిసి ఈ వ్యాధిని పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం లోపలే పసిగట్టే లెక్క ఒకటి తయారుచేశారు. ఆ లెక్క వెనుకనున్న ఊహ నన్ను ఆశ్చర్యపరచింది. గర్భం ఎంతకాలమైనా సాగేటట్లయితే, ప్రతి స్త్రీకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి వస్తుందని అనుకుంటారు. ప్రమాద లక్షణాలేవీ లేని స్త్రీకి సగటున 54 వారాలకు వస్తుందట. కాన్పు నలభై వారాలకే అవుతుంది కనుక చాలామందికి ఆ గడియ రాకముందే బిడ్డ పుడుతుంది. అంటే ఇది ఒక పరుగు పందెం. కాన్పు ముందా, వ్యాధి ముందా? ఒక్కొక్క లక్షణం ఆ గడియను కొన్ని వారాలు ముందుకు జరుపుతుంది. తల్లి దక్షిణాసియా సంతతి అయితే ఆ సగటు ఒక వారానికి కొంచెం పైగా ముందుకు వస్తుంది. ఆఫ్రికా, కరీబియన్ సంతతి అయితే రెండున్నర వారాలకు పైగా. గర్భిణి కన్నతల్లికి ఈ వ్యాధి వచ్చి ఉంటే వారమున్నరకు పైగా.

ఈ వాక్యం చదివి ఉలిక్కిపడ్డాను. మా అమ్మాయి విషయంలో దాని 'జాతి' కంటే నా చరిత్ర బరువైనది. జాతి అడిగినప్పుడు అది నిజం చెప్పింది. తల్లి సంగతి అడిగినప్పుడు తల్లి అబద్ధం చెప్పింది.

* * *

ఈ లక్షణాలతోనే లెక్క ముగియదు. రెండు చేతులకూ పట్టీలు చుట్టి రక్తపోటు చూసి సగటు తీస్తారు. కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలిపితే వచ్చేదే ఆ సగటు. 120/80 అయితే 93.3. స్కానింగులో గర్భాశయ ధమనుల రక్తప్రసారం చూస్తారు. మాయ నుంచి వెలువడే పీఎల్‌జీఎఫ్ అనే మాంసకృత్తును రక్తంలో కొలుస్తారు. ఇవన్నీ కలిపి, నెలలు నిండకముందే ఈ వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఒకటి కంటే ఎక్కువని తేలితే, రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తారు. 36వ వారం దాకా. 2017లో వెలువడిన ఆస్ప్రే పరిశోధనలో, ఇలా ఎంపిక చేసిన స్త్రీలలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి నూటికి 4.3 మందికి ఈ వ్యాధి నెలలు నిండకముందే వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 మందికే వచ్చింది.

అందరూ ఈ పద్ధతినే పాటించరు. బ్రిటనులోనే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు వేరుగా ఉన్నాయి. అవి తొలిచూలా, వయస్సెంత, కుటుంబంలో ఎవరికైనా వచ్చిందా, బరువెంత అని అడిగి లెక్కిస్తాయి. అందులో జాతి లేదు. 16,747 గర్భాలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రెండింటినీ సరిపోల్చింది. నెలలు నిండకముందు వచ్చే వ్యాధిని పాత పద్ధతి నూటికి సుమారు 41 మందిలో పసిగట్టగా, రక్తపరీక్షలు, స్కానింగు కలిపిన కొత్త పద్ధతి సుమారు 82 మందిలో పసిగట్టింది.

మరి జాతిని లెక్కలో కలపవచ్చునా? ఈ విషయంలో పెద్దల మధ్య ఏకాభిప్రాయం లేదు. మూత్రపిండాల పనితీరు లెక్కించే సూత్రంలో నల్లజాతివారికి వేరే గుణకం ఉండేది. దానివలన వారి జబ్బు ఆలస్యంగా బయటపడుతున్నదని అమెరికాలో 2021లో ఆ గుణకాన్ని తీసివేశారు. అదే సంవత్సరం గర్భిణులకు ఆస్పిరిన్ విషయమై అక్కడి నిపుణుల సంఘం ఇచ్చిన సిఫారసులో నల్లజాతి స్త్రీ కావడాన్ని ప్రమాద లక్షణంగా ఉంచారు. కాని దానికి కారణం రక్తంలో లేదనీ, ఆ స్త్రీలు అనుభవించే వివక్షలో ఉందనీ స్పష్టంగా వ్రాశారు. ఒకచోట తీసివేయడం న్యాయమైంది. ఒకచోట ఉంచడం న్యాయమైంది. రెండుచోట్లా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ గడి ఉండటం వలన ఆ తల్లికి సాయం త్వరగా అందుతుందా, ఆలస్యమవుతుందా?

* * *

నాకు తెలిసిన విద్య ఒక్కటే కనుక, ఆ దారిలోనే ఆలోచించాను.

జాతి అంటే పుట్టుక. 'జన' ధాతువు నుంచి వచ్చిన మాట. కులానికీ అదే మాట, దేశప్రజలకూ అదే మాట, జాజిపూవుకూ అదే మాట. ఛందస్సులోనూ ఉన్నది. కందం, ద్విపద జాతులు. సీసం, ఆటవెలది, తేటగీతి ఉపజాతులు. పిల్లవాడు పద్యం వ్రాసి తెస్తే నేను ముందు అడిగేది 'ఇది ఏమిటిరా?' అని. 'ఆటవెలది టీచర్' అంటాడు. అంతమాత్రాన అందులో యతి తప్పిందో, గణం తప్పిందో నాకు తెలియదు. ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది. తరువాత ఆ పద్యాన్ని చదవాలి, గణాలు కట్టాలి. పేరు విని మార్కులు వేసే పంతులు పంతులు కాడు.

ఆసుపత్రి పత్రంలోని గడి కూడా అంతే. తరువాత రక్తపోటు చూడాలి, రక్తం తీయాలి, మాయను చూడాలి. పైగా ఒకచోటి లక్షణం మరొకచోటికి అతకదు. 2019లో ప్రచురితమైన ఒక ఆసియా అధ్యయనంలో, లండను సూత్రం అనుకున్నదానికంటే అక్కడి స్త్రీల సగటు రక్తపోటు, పీఎల్‌జీఎఫ్ కొలతలు తక్కువగా కనిపించాయి. కొలతలను ఆ ప్రాంతానికి తగినట్లు సవరించుకున్నాకే లెక్క సరిగా నడిచింది.

మా అమ్మాయి మన ఊళ్ళో ఉండి ఉంటే ఆ గడికి అర్థమే లేదు. తార్నాక కూడలిలో నిలబడి చూస్తే మెట్రో దిగే ప్రతి స్త్రీ దక్షిణాసియా స్త్రీయే. అందరికీ ఒకే గుణకం ఉన్నప్పుడు అది ఎవరినీ వేరు చేసి చూపదు. కాని తేడాలు లేవా? నాలుగు అంతస్తుల మా భవనానికీ దాని వెనుక బస్తీకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడకు ఇటువైపు తల్లి, అటువైపు తల్లి ఒకే రక్తపోటుతో మొదలుపెట్టినా ఒకే చోటికి చేరరు.

దీనికి సమాధానం వెతికిన సంస్థ మాకు నడకదూరంలోనే ఉంది. జామై ఉస్మానియా రైల్వే స్టేషను దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ సంస్థ రెండూ 1918లోనే పుట్టాయి. సంస్థ పుట్టినది కూనూరులో, ఇక్కడికి తరలివచ్చినది 1958లో. వారు 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మా ఊళ్ళో వాటిని తైదలంటాము. విశాఖ వైపు చోళ్ళంటారు. పేరు ఏదైనా, బియ్యం వచ్చాక పళ్ళెంలో నుంచి తొలగిపోయిన ధాన్యం. కాల్షియం తక్కువగా తినే సమాజాల్లోని గర్భిణులకు కాల్షియం ఇస్తే ప్రీఎక్లాంప్సియా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మన దేశంలో 2014 మార్గదర్శకాల ప్రకారం పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు 500 మిల్లీగ్రాముల మాత్రలు ఇవ్వాలి. భారతదేశంలోనూ టాంజానియాలోనూ జరిపి 2024లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, రోజుకు 500 మిల్లీగ్రాములు కూడా ఈ వ్యాధి విషయంలో 1500 మిల్లీగ్రాములకు తీసిపోదని తేలింది. ఒక చిన్న మాత్ర. దానికి జాతి అడగనక్కర లేదు.

* * *

ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోను చేశాను. దానికి అప్పుడు మధ్యాహ్న భోజనవేళ.

"పొద్దున నీకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు. నాకు బీపీ వచ్చింది. నిన్ను నెల ముందే తీశారు. మీ పెద్దమ్మ జ్వరంతో పోలేదు, గుర్రపువాతంతో పోయింది" అని అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరువాత మెల్లగా అన్నది: "ఇన్నేళ్ళూ నేనే తొందరపడి పుట్టానని అనేవాళ్ళు కదమ్మా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి నెపం పసిపిల్ల మీద వేశాము. ముప్పై ఏళ్ళు దానిని ముద్దు అనుకున్నాము.

మరునాడు అది ఆసుపత్రికి ఫోను చేసి చెప్పింది. పత్రంలో ఆ ఒక్క జవాబు మార్చి మళ్ళీ లెక్క కట్టారు. అంతకుముందు గీతకు కొంచెం కిందుగా ఉన్న అవకాశం, ఈసారి నూటికి ఒకటిని దాటింది. ఆ రాత్రి నుంచే ఆస్పిరిన్ మొదలుపెట్టమన్నారు. దక్షిణాసియా గడి ఒక్కటే దానిని గీత దాటించలేదు. నా నోటి మాట దాటించింది.

* * *

మా ఇంట్లో పనిచేసే ఆమె కోడలికి కూడా ఆ రోజుల్లో అదే నెల. ఇరవై ఏళ్ళ పిల్ల, తొలిచూలు. నా మనస్సులో ఇదే తిరుగుతున్నది కనుక, ఒకనాడు ఆమెను అడిగాను, 'మీ అమ్మకు నువ్వు పుట్టేటప్పుడు ఏమైనా అయిందా?' అని. ఆ పిల్ల వంటింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మా అమ్మకు ఫిట్స్ వచ్చినయంట టీచరమ్మా. నేను బతుకుడే కష్టమైందంట. మా అత్తకు చెప్పకున్రి, ఏమన్న అంటది."

మా అమ్మ గొంతు మళ్ళీ విన్నట్లయింది. నలభై ఏళ్ళు గడిచాయి, ఊరు మారింది, కులం వేరు, ఇల్లు వేరు. భయం మాత్రం మాట మార్చకుండా అక్కడే ఉంది.

"మీ అత్తకు చెప్పను. నువ్వు డాక్టరుకు మాత్రం చెప్పు" అన్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల తొమ్మిదో తేదీన గర్భిణులను ప్రత్యేకంగా పరీక్షించే పద్ధతి 2016 నుంచి ఉంది. డిసెంబరు తొమ్మిదిన ఆ పిల్లతో నేనే వెళ్ళాను. నర్సమ్మ చెవిలో చెప్పాము. ఆమె విసుక్కోలేదు, ఆశ్చర్యపోలేదు. కార్డుమీద ఎర్ర సిరాతో రెండు మాటలు వ్రాసి డాక్టరుకు చూపించింది. ఇచ్చిన కాల్షియం మాత్రలు సరిగా వేసుకోమని, తలనొప్పి గాని కళ్ళు మసకబారడం గాని, పొట్ట పైభాగంలో నొప్పి గాని వస్తే తొమ్మిదో తేదీదాకా ఆగవద్దని చెప్పింది. నేను తార్నాకలోని మందుల దుకాణంలో ఒక బీపీ మిషను కొన్నాను. వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, అంకెలు నా పాత హాజరు పుస్తకంలో వ్రాసేదానిని.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆ పిల్ల తలనొప్పి అన్నది. మిషను 150/100 చూపించింది. అర్ధగంట ఆగి మళ్ళీ చూస్తే తగ్గలేదు. దిష్టి తీద్దామని అత్త లేచింది. ఆమెది తప్పు కాదు. మా అమ్మా అదే చేసింది. 'ముందు ఆసుపత్రి, వచ్చాక దిష్టి' అన్నాను. 108కు ఫోను చేశాము. ఆ రాత్రి చేర్చుకున్నారు. మూత్రంలో మాంసకృత్తులు ఉన్నాయన్నారు. రక్తపోటుకు మందులు ఇచ్చి, కనిపెట్టి ఉండి, ముప్పై ఏడో వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల, 2.4 కిలోలు. ఫిట్స్ రాలేదు. ఒకవేళ వచ్చే సూచన కనిపిస్తే ఇవ్వడానికి మెగ్నీషియం సల్ఫేటు సిద్ధంగా ఉందని ఆ డాక్టరు చెప్పింది. చవకైన మందు అది. మూర్ఛలకు మిగతా మందులకంటే అదే మేలని 1995లో వెలువడిన పరిశోధన తేల్చింది. మన దేశపు స్త్రీలూ అందులో పాల్గొన్నారు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిపి 2002లో ప్రచురించిన మరో పరిశోధనలో, అసలు మూర్ఛలు వచ్చే అవకాశమే సగానికి పైగా తగ్గింది. మా అక్కకు అందని మందు ఇప్పుడు గోడకు అటువైపు పిల్లకు అందేంత దూరంలో ఉంది. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశం మొత్తానికి 97, తెలంగాణలో 43. ఆ 43లో ఒక్కొక్కటీ ఒక ఇంటి పెద్దక్కే.

మా అమ్మాయికి మే నెలలో, ముప్పై ఎనిమిదో వారంలో మగపిల్లవాడు పుట్టాడు. దానికి రక్తపోటు పెరగలేదు. అది ఆస్పిరిన్ వలననా, లేకున్నా రాకుండేదా? ఒక్క మనిషి విషయంలో అది ఎవరూ తేల్చలేరు. వేలమందిలో తగ్గుతుందని తెలుసు. నా బిడ్డ ఆ వేలలో ఒకతె. అది చాలు.

మనుమడిని చూడడానికి లండను వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. ఒక తెల్లకాగితం మీద నా చేతివ్రాతతో, గుండ్రని అక్షరాలతో, మా ఇంటి ఆడవాళ్ళ ప్రసవాల చరిత్ర వ్రాసి ఇచ్చాను. మా అమ్మ ఎన్ని కాన్పులు, ఎన్ని నిలిచాయి. అక్క పేరు, 1979, గుర్రపువాతం. నా పేరు, 1991, ఎనిమిదో నెల, రక్తపోటు. అమ్మాయి చదివి, కింద తన పేరు, తేదీ తనే వ్రాసుకుని, ఆసుపత్రి కాగితాలతో పాటు దాచింది.

మిత్రులారా, మీలో చాలామంది పిల్లలు ఏదో ఒక దేశంలో ఇలాంటి గళ్ళు నింపుతూనే ఉంటారు. జాతి గడి వాళ్ళే నింపుకుంటారు. దాని పక్కనున్న గడి మాత్రం మనం నోరు విప్పితేగాని నిండదు. అమ్మ ఉన్నవాళ్ళు అమ్మను అడగండి. అమ్మలైనవాళ్ళు అడగకముందే చెప్పండి. మందు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటారు; నిజం చెప్పవలసిన పని మనది.